మడ అడవిలో రోజంతా కయాకింగ్: పోటు లెక్క ఎలా వేసుకోవాలి?

చెరువుగట్టు
అందరికీ నమస్కారం. చెరువుల్లో, రిజర్వాయర్లలో కయాక్ నాకు బాగానే అలవాటు. నాలుగైదు గంటలు తెడ్డు వేసినా ఇబ్బంది ఉండదు. ఇప్పుడు మొదటిసారి ఉప్పునీళ్లలోకి, అదీ మడ అడవిలోకి వెళ్దామనుకుంటున్నాం. నేను, నా భార్య, ఇద్దరు ఫ్రెండ్స్. రెండు డబుల్ కయాకులు. పొద్దున దిగి సాయంత్రానికి బయటికి రావాలని ప్లాన్.

మ్యాప్‌లో చూస్తే మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గర నుంచి మెలికలు తిరుగుతూ లోపలికి పోయే పాయ ఒకటి ఉంది. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. దూరం సంగతి నాకు టెన్షన్ లేదు. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళలు, మట్టాల పట్టిక) తెరిస్తేనే బుర్ర పనిచేయడం లేదు. మేం అనుకున్న ఆదివారానికి ఇలా ఉంది:

ఉదయం 5.50 – 0.6 మీ.
ఉదయం 11.55 – 2.1 మీ.
సాయంత్రం 6.05 – 0.6 మీ.

ఈ 2.1 మీటర్లు అంటే పాయలో నీటి లోతా? ఎన్నింటికి దిగితే మంచిది? ఇంకేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బురదపాదం
నా వంతు ఒకే ఒక్క మాట. వేలిచెప్పులు వేసుకుని వెళ్లకండి. బురద తీసుకోవడమే తప్ప తిరిగివ్వదు. మడమ పట్టీ ఉన్నవి, లేదా కాలికి గట్టిగా పట్టే పాత కాన్వాస్ బూట్లు. మిగతాది పెద్దలు చెబుతారు.

పోటుగడియ
చెరువుగట్టు గారూ, 2.1 మీటర్లు పాయ లోతు కాదండి. టేబుల్‌లో అంకెలన్నీ చార్ట్ డేటమ్ అనే మట్టం నుంచి కొలిచినవి. ఆటులో నీరు మామూలుగా అంతకన్నా కిందికి దిగదు అని లెక్కగట్టి పెట్టుకున్న మట్టం అది. పాయ అడుగు ఆ మట్టం కంటే కిందుంటే మీకు టేబుల్ అంకె కంటే ఎక్కువ లోతు దొరుకుతుంది. పైనుంటే తక్కువ. మడ అడవి లోపలి పాయల అడుగు చాలావరకు పైనే ఉంటుంది, అందుకే ఆటుకు అవి ఎండి బురదగా మిగులుతాయి.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. ఆటుకీ పోటుకీ తేడా 1.5 మీటర్లు. నీరు అన్ని గంటలూ ఒకే వేగంతో ఎక్కదు, ఒకే వేగంతో తీయదు. ఆరు గంటల్ని చూస్తే మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. ఇది ఉజ్జాయింపే కానీ కయాక్‌కి సరిపోతుంది.

అంటే 11.55కి నిండిన నీరు 12.55కి పన్నెండు సెంటీమీటర్లే తగ్గుతుంది. "ఏముంది, అలాగే ఉందిగా" అనిపిస్తుంది. 1.55కి మొత్తం 37. ఆ తర్వాత ఒక్క గంటలోనే ఇంకో 37 పోయి 2.55కి 75 సెంటీమీటర్లు దిగిపోతుంది. జనం ఇరుక్కునేది ఆ గంటలోనే.

ఇప్పుడు మీ పాయలో ఎక్కడో ఒక మెరక ఉందనుకోండి, దాని అడుగు డేటమ్‌కి 1.2 మీటర్ల పైన. నిండు పోటుకు అక్కడ 90 సెంటీమీటర్ల నీరు. 2.55కి మిగిలేది 15. ఇద్దరు కూర్చున్న కయాక్‌కి అది గీసుకుంటూ పోయే లోతు. పొద్దున కూడా అంతే, 8.50కి ముందు మీరు ఆ మెరక దాటలేరు. కాబట్టి ఆ ఒక్క మెరక మీ రోజుని 8.50 నుంచి 2.55 దాకా కుదించేస్తుంది. మీరు ఎన్ని కిలోమీటర్లు తెడ్డు వేయగలరన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంకో సంగతి. టేబుల్‌లో రాసేది ఒక రేవు దగ్గర కొలిచిన టైము. పాయ లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. పాయ పొడవు, లోతు బట్టి అది పావుగంట కావచ్చు, గంట దాటొచ్చు. దాన్ని ఎవరూ టేబుల్‌గా వేసి ఇవ్వరు. అక్కడ రోజూ పడవ నడిపేవాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే.

గాలివాటు
లెక్కలు బాగున్నాయి కానీ ఇంత అవసరమా? 5.50కి ఆటు అయిపోతుంది. ఆరింటికల్లా నీళ్లలో దిగండి. పోటు మిమ్మల్ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్తుంది, మధ్యాహ్నం ఆటు బయటికి తెస్తుంది. రెండువైపులా ఫ్రీ లిఫ్ట్. దారి తప్పినా భయం లేదు, ఆటులో నీరు ఎటు పోతుంటే అటు పోతే సముద్రమే.

ఒంటితెడ్డు
గాలివాటు తమ్ముడూ, రెండూ సగం నిజాలే.

ఆరింటికి దిగితే నీళ్లకంటే కయాక్ ముందు పోతుంది. పోటు తోపుతో కలిపి గంటకు ఆరేడు కిలోమీటర్లు పోతావు. పాయ పైభాగం నిండడానికి ఇంకా మూడు గంటలు పడుతుంది. మూడో మలుపులోనే బురదకు తగిలి, నీరు వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి.

రెండోది ఇంకా ప్రమాదం. రెండు చివర్లా తెరిచి ఉన్న పాయలుంటాయి, ఒక మొగ నుంచి ఇంకో మొగకు కలిసేవి. వాటిలో పోటు రెండువైపుల నుంచీ వచ్చి మధ్యలో ఎక్కడో కలుసుకుంటుంది. ఆటులో ఆ చోటు నుంచే నీరు రెండుగా చీలి ఇటూ అటూ పోతుంది. కలిసే చోట ఒండ్రు పేరుకుని లోతు కూడా తక్కువ. నువ్వు ఆ చోటు దాటి అవతలికి పోయి ఉంటే, నీటి వెంట పోతే సముద్రమే వస్తుంది, కాదనను. నీ కారున్న మొగ కాదు.

చెరువుగట్టు గారికి ఒకటే చెబుతాను. వెనక్కి తిరిగే టైము ఒడ్డున ఉండగానే నిర్ణయించుకోండి. దూరం బట్టి కాదు. "ఆ చివరి మడుగు చూసి తిరుగుదాం" అని పెట్టుకుంటే ఆ మడుగు ఇంకో మలుపు, ఇంకో మలుపు అని జరుగుతూ పోతుంది. గడియారం బట్టి పెట్టుకోండి. మీ టేబుల్‌కి నేనైతే పన్నెండు గంటలు అంటాను. ఎక్కడుంటే అక్కడి నుంచి.

గాలివాటు
అన్నా, రెండు మొగల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ పన్నెండుకే తిరగమనడం మరీ ఓవర్. లోపల పోటు ఆలస్యమని పైన ఆయనే చెప్పారుగా. పన్నెండున్నర దాకా నీరు ఎక్కుతూనే ఉంటుంది. తిరుగు దారిలో ఎదురు తెడ్డు వేయాలి.

ఒంటితెడ్డు
ఎదురు తెడ్డే. పోటు ఆఖరి అరగంటలో ప్రవాహం ఎంత ఉంటుంది? దాదాపు నిలిచిపోయి ఉంటుంది. ఆ ఎదురుకి చెమట కూడా పట్టదు. ఆ అరగంట నా జేబులో ఉన్నట్టు. తెడ్డు విరిగినా, ఎవరికైనా వాంతులైనా, దారి వెతుక్కోవాల్సి వచ్చినా అందులోంచే ఖర్చు పెట్టాలి.

నీటికాకి
అన్న చెప్పినదానికి నా ఓటు కూడా. మేం పిల్లలతో వెళ్తుంటాం కాబట్టి ఇంకొన్ని పనికొచ్చే విషయాలు.

ముందు గాలి. వేడి ప్రాంతాల తీరాల్లో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. అదే సమయానికి ఆటు నీరు మొగ గుండా బయటికి పరుగెడుతుంటుంది. నీరు ఒకవైపు, గాలి ఎదురు. ఆ రెండూ తలపడిన చోట అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. పొద్దున అద్దంలా దాటిన మొగే మూడింటికి వేరే మొగ. మీరు కారు ఆపే చోటు మొగకి అవతల ఒడ్డున ఉంటే ప్లాన్ మార్చుకోండి. పాయ లోపలివైపే దిగేందుకు జెట్టీ ఏదైనా ఉందేమో చూడండి, ఓపెన్ వాటర్ దాటే పని లేకుండా.

తర్వాత, లోపల దిగడానికి నేల ఉండదు. ఇది చెరువు అలవాటున్నవాళ్లకి తట్టని విషయం. కాళ్లు చాపుకోవాలన్నా, బాత్రూమ్‌కన్నా, నడుము పట్టేసినా ఒడ్డెక్కుదామంటే ఒడ్డే లేదు. వేళ్లు, బురద. ఆడవాళ్లు ముందే దీని గురించి ఆలోచించుకుని వెళ్లాలి, సిగ్గుపడి నీళ్లు తాగడం మానేయడం అన్నిటికంటే చెడ్డ పని. చెట్ల మధ్య గాలి ఆడదు, ఉక్క చంపేస్తుంది. మనిషికి మూడు నాలుగు లీటర్లు తప్పనిసరి.

మధ్యలో ఆగి కొమ్మకి తాడు కడితే జారుముడి వేసి తాడు వదులుగా ఉంచండి. నిండు పోటు మీద కట్టి బిగిస్తే, నీరు దిగి గంటన్నర తర్వాత కయాక్ ముక్కు పైకి లేచి ఉంటుంది.

ఉప్పుపొన్న
కొమ్మకి అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఏ కొమ్మో చూసి కట్టండి. తిల్ల చెట్టు అయితే ముట్టుకోవద్దు. ఆకు తుంచినా కొమ్మ విరిగినా తెల్లటి పాలు కారతాయి. చర్మం మీద పడితే బొబ్బలు, కంట్లో పడితే కొంతకాలం చూపే కనపడకపోవచ్చు. పడితే మంచినీళ్లతో ఎడతెగకుండా కడిగి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. రాలబోయే ముదురాకులు ఎర్రబడి ఉంటాయి, అది ఒక గుర్తు.

మిగతావి గుర్తుపట్టడం సులువు, వేళ్లు చూస్తే చాలు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిలువుగా పైకి లేచిన వేళ్లు మడ చెట్టువి. బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఆ వేళ్లతో గాలి పీల్చుకుంటుంది. ఆకు వెనక్కి తిప్పి నాలుక ఆనిస్తే ఉప్పగా ఉంటుంది, లోపలికి వచ్చిన ఉప్పుని ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. (తిల్ల కాదని ఖాయం చేసుకున్నాకే నాలుక ఆనించండి!) కాండం మధ్యలోంచి విల్లులా వంగి నీళ్లలోకి దిగే వేళ్లు ఉప్పుపొన్నవి, నా పేరు అదే. ఇది ఉప్పుని వేళ్ల దగ్గరే చాలావరకు ఆపేస్తుంది. గింజ చెట్టు మీదే మొలిచి, పొడుగ్గా పచ్చటి కాడలా వేలాడుతుంది. అది ఊడి బురదలో నిలువుగా గుచ్చుకోవచ్చు, లేదా తేలుతూ పోయి ఎక్కడో వేరూనుకోవచ్చు. నీళ్లలో తేలుతున్నవి కనిపిస్తే సావనీర్‌గా తెచ్చుకోకండి.

ఆ పెన్సిల్ వేళ్ల మీద మాత్రం నడవకండి, కయాక్ ఈడ్చకండి. విరిగితే చెట్టుకి ఊపిరి తగ్గినట్టే. ప్రపంచం మొత్తం మీద మిగిలిన మడ అడవులు సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లు. అందులో ఒక్క సుందర్‌బన్స్ పదివేల దాకా ఉంటుంది. కొంగలు, నారాయణపక్షులు గూళ్లు పెట్టిన చెట్లు కనిపిస్తే దూరంగా పక్కకి తప్పుకుని పొండి. పెద్దపక్షి లేచిపోతే ఎండకి గుడ్డు, కాకికి పిల్ల.

బురదపాదం
ఆ కుళ్లిన గుడ్డు వాసన గురించి కూడా చెప్పండి మేడమ్, లేకపోతే పక్కవాడిని అనుమానిస్తారు.

ఉప్పుపొన్న
హ హ. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి తగలని బురదలో బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ని వాడుకుని బతుకుతుంది, దాన్నుంచి వచ్చే వాయువు. తెడ్డుతో బురద కదిలిస్తే ఎక్కువ వస్తుంది. మడ అడవి ఆరోగ్యంగా లేదనడానికి అది గుర్తు కాదు.

చెరువుగట్టు
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇంకో రెండు డౌట్లు. శుక్రవారం పౌర్ణమి. ఆ ఆదివారం పోటు ఎక్కువ కాబట్టి మంచిదా, చెడ్డదా? పౌర్ణమి రోజే ఎక్కువ ఉంటుందిగా, రెండు రోజుల తర్వాత తగ్గాలి కదా? ఇక రెండో డౌట్: సిట్-ఆన్-టాప్ (పైన కూర్చునే) కయాక్ తీసుకోవాలా, సిట్-ఇన్‌సైడా?

పోటుగడియ
పౌర్ణమి, అమావాస్యలకు సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీదకొచ్చి కలిసి లాగుతాయి కాబట్టి పెద్ద పోటు. కానీ చాలాచోట్ల అన్నిటికంటే పెద్ద పోటు ఆ రోజున కాక ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. అంత నీరు కదలడానికి టైము పడుతుంది. మీ ఆదివారం సరిగ్గా అక్కడే పడింది.

మంచా చెడా అంటే రెండూ. పెద్ద పోటుకి లోపలి సన్న పాయలు కూడా తెరుచుకుంటాయి, చిన్న పోటుకి అక్కడికి నీరే అందదు. అదే సమయంలో ప్రవాహం బలంగా ఉంటుంది, తీసేటప్పుడు ఎక్కువ దిగిపోతుంది. 1.5 మీటర్ల తేడా అంటే మరీ ఎక్కువేం కాదు. కెనడాలో ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా ఉంటుంది, అక్కడ ఈ థ్రెడ్ ఇంకోలా ఉండేది.

ఇంకో మాట, ఇది ఎక్కువమంది గమనించరు. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరంలో పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందువల్ల ఒకే చోట ప్రతి పౌర్ణమికీ, ప్రతి అమావాస్యకీ పోటు దాదాపు అదే గంటకి నిండుతుంది. మీ చోట పెద్ద పోటు మిట్టమధ్యాహ్నం ప్రాంతంలో నిండుతోంది. రోజంతా తిరిగేవాళ్లకి ఇంతకంటే అనుకూలం ఏముంది? వారం తర్వాత అష్టమికి చూడండి, పోటు ఉదయం ఆరు, సాయంత్రం ఆరు దగ్గరికి పోతుంది. మధ్యాహ్నం అంతా బురద.

టేబుల్ చంద్రుణ్ణి, సూర్యుణ్ణి చూసి వేసింది, వాతావరణాన్ని చూసి కాదు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీరు దాదాపు ఒక సెంటీమీటర్ ఎక్కువ లేస్తుంది. ఒడ్డు వైపు గట్టిగా వీచే గాలి ఇంకాస్త తోస్తుంది. సముద్రంలో వాయుగుండం ఉందన్న వార్త ఉంటే లెక్కలు పక్కనపెట్టి ఇంట్లో ఉండండి.

ఒంటితెడ్డు
సిట్-ఆన్-టాప్. సన్న పాయలో బోల్తా పడితే ఎక్కి కూర్చోవడం తేలిక. రడ్డర్ (చుక్కాని) ఉంటే లోపల పైకి లేపేయండి, వేళ్లకి చిక్కుకుంటుంది. పొట్టి కయాక్ అయితే మలుపులు సుఖం, కానీ ఇద్దరేసి కాబట్టి మీకు ఆ చాయిస్ లేదు.

ఒకటి మాత్రం ఒడ్డున ఉండగానే మనసులో నాటుకోండి. ఆటు జోరులో మలుపు దగ్గర నీరు మిమ్మల్ని పక్కకి నెట్టి వేళ్ల మీదికి తీసుకెళ్తుంది. వేళ్లకి కయాక్ తగలగానే ఒళ్లు సహజంగా వెనక్కి, అంటే నీరు వచ్చే వైపుకి వాలుతుంది. అలా వాలితే ఆ వైపు అంచు మునిగి నీరు లోపలికి దూకి కయాక్‌ని తిప్పేస్తుంది. వేళ్ల వైపుకే వాలండి. చేత్తో వేళ్లని పట్టుకోబోకండి, వాటి మీద ఆల్చిప్పలు బ్లేడ్లలా ఉంటాయి.

నీటికాకి
ఆ ఆల్చిప్పల గాయాన్ని చిన్నదని వదిలేయకండి. గోరువెచ్చని ఉప్పు-మంచినీళ్లు కలిసే చోట విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. సబ్బుతో, మంచినీళ్లతో కడగాలి. గంటల్లో వాపు, జ్వరం, ఎర్రగా పాకడం మొదలైతే మర్నాడు చూద్దాం అనుకోకూడదు, డాక్టర్‌కి ఉప్పునీటిలో తగిలిన గాయం అని చెప్పాలి. లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం.

మోడరేటర్
ఒక విన్నపం. చాలా మడ అడవులు రక్షిత ప్రాంతాలు. పర్మిషన్ కావాలా, ఏ పాయలు తెరిచి ఉన్నాయి అన్నది అటవీశాఖను అడిగి వెళ్లండి. ఉప్పునీటి మొసళ్లు తిరిగే చోట కయాక్‌తో సొంతంగా దిగే ప్లాన్లకు ఈ వేదికలో సలహాలు ఇవ్వొద్దు.

చెరువుగట్టు
అడిగాం సార్. అక్కడ మొసళ్ల బెడద లేదు, పర్మిషన్ స్లిప్ తీసుకున్నాం. ఏ పాయలోకి పోవచ్చో మ్యాప్ మీద గీసి ఇచ్చారు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి ఫోన్ చేస్తాం, చేయకపోతే ఎవరికి చెప్పాలి అన్నీ బావమరిదికి రాసిచ్చి వెళ్తున్నాం. వచ్చాక రాస్తాను.

చెరువుగట్టు
వెళ్లొచ్చాం. అందరూ క్షేమం, ఫోన్లు కూడా క్షేమం. కాస్త పెద్దగానే రాస్తున్నాను.

నీటికాకి గారు చెప్పినట్టు మొగ వదిలేసి పాయ లోపలి జెట్టీ దగ్గర దిగాం. అక్కడి పడవాయన్ని అడిగితే లోపల నీరు టేబుల్ కంటే "ముప్పావు గంట వెనక" అన్నాడు. ఎనిమిదింపావుకి మొదలుపెట్టాం. మొదటి రెండు కిలోమీటర్లు వెడల్పు పాయ, రెండువైపులా బురద గట్లు ఇంకా బయటికే ఉన్నాయి. ఆ గట్ల మీద ఫిడ్లర్ పీతలు, మగదానికి ఒక డెక్క ఒంటికంటే పెద్దదిగా, దాన్ని పైకెత్తి దించుతూ ఉంటాయి. కయాక్ నీడ పడగానే గట్టు మొత్తం ఒక్కసారిగా ఖాళీ. కదలకుండా ఉంటే ఒక నిమిషంలో మళ్లీ ఒక్కొక్కటీ పైకి.

మడ్‌స్కిప్పర్లని అరగంట చూశాం. చేప అయి ఉండి బురద మీద రెక్కలతో దేకుతుంది, నోట్లో, మొప్పల్లో నీళ్లు పట్టుకుని. కళ్లు తల మీద ఉబ్బి ఉంటాయి. ఒకటొకటిగా లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్లీ పైకి తోస్తుంది. నీరు ఎక్కేకొద్దీ అవి కూడా వేళ్ల మీదికి ఎక్కుతుంటాయి. చేప నీళ్లు రాకుండా తప్పించుకోవడం చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

తెడ్లు ఆపి కూర్చుంటే కయాక్ అడుగు నుంచి చిటపట శబ్దం. నూనెలో ఆవాలు వేసినట్టు, ఆగకుండా. ముందు కయాక్‌కి పగులేమైనా వచ్చిందేమోనని మా ఫ్రెండ్ కంగారు పడ్డాడు. ఇది ఏమిటో ఇక్కడెవరైనా చెప్తారా?

లోపల దారి. ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి ఫోటో తీశాం, వచ్చేటప్పుడు కనిపించేది ఆ వైపే కాబట్టి. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ కూడా రికార్డ్ చేశాం. శాటిలైట్ మ్యాప్ మీద నమ్మకం పోయింది. అది ఏ నీటి మట్టం మీద తీశారో గానీ, అందులో పాయలా కనిపించింది ఇక్కడ వేళ్ల గుంపు, అందులో అడవిలా ఉన్నచోట నిక్షేపంగా కయాక్ పోతోంది.

పదకొండు దాటాక అసలు సొరంగంలాంటి భాగం. ఇక్కడ ఎవరూ చెప్పని ఒక విషయం. నీరు పెరిగేకొద్దీ లోతు బాగుంటుంది, నిజమే, కానీ కొమ్మలు నెత్తికి దగ్గరవుతాయి. ఆకుల కింది అంచు ఎవరో కత్తిరించినట్టు ఒకే మట్టంలో ఉంటుంది, పోటు నీరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడ. తెడ్డు తిప్పడానికి జాగా లేదు. తెడ్డు మధ్యలో విడదీసి సగం తెడ్డుతో లాక్కుంటూ పోయాం. ఎర్రచీమల గూడు ఒకటి ఫ్రెండ్ భుజం తగిలి కదిలింది. ఆ తర్వాత ఐదు నిమిషాల భాష ఇక్కడ రాయలేను.

పన్నెండుకి అలారం మోగింది. జీపీఎస్ చూస్తే ఏడున్నర కిలోమీటర్లే వచ్చాం. ఇంకో కిలోమీటరున్నర పోతే మేం అనుకున్న మడుగు. ఫ్రెండ్ పోదామన్నాడు, నీరు ఇంకా లోపలికే పోతోంది కదా అని. మా ఆవిడ అలారం ఫోన్ చూపించి "ఇది మోగింది" అంది, అంతే. తిరిగాం. ఎదురు తెడ్డు అనిపించనేలేదు. పన్నెండు నలభై ప్రాంతంలో నీటి మీది నురుగు, రాలిన ఆకులు కదలడం మానేశాయి. కాసేపు ఎటూ పోలేదు. తర్వాత అవే ఆకులు మేం పోయే వైపే బయల్దేరాయి. ఇక వేళ్ల మీద తడి గీత చూస్తూ వచ్చాం. రెండున్నరకి ఆ గీతకీ నీటికీ మధ్య జానెడు పైనే తేడా. రెండు ముప్పావుకి జెట్టీ. పొద్దున పదీ నలభైకి కయాక్ అడుగు గీరుకున్న ఒక మెరకని వచ్చేటప్పుడు సాఫీగా దాటేశాం.

మేం బట్టలు మార్చుకుంటుంటే ఇద్దరబ్బాయిలు అప్పుడే దిగి లోపలికి పోతున్నారు. పడవాయన కేకేసి ఆపాడు.

పోటుగడియ
పన్నెండు నలభై అంటే పడవాయన ముప్పావుగంట లెక్క సరిపోయింది. ఈ ఒక్క అంకె రాసి పెట్టుకోండి, ఆ పాయకి మీ సొంత టేబుల్ అయినట్టే.

ఉప్పుపొన్న
ఆ చిటపట స్నాపింగ్ రొయ్యలు. వేలెడంత ఉంటాయి. ఒక డెక్కని ఎంత వేగంగా మూస్తాయంటే నీళ్లలో బుడగ పుట్టి పేలుతుంది. మీరు విన్నది ఆ బుడగ పేలిన శబ్దమే, డెక్క కొట్టుకున్నది కాదు. చిన్న చేపలు ఆ దెబ్బకే స్పృహ తప్పుతాయి. కయాక్ అడుగు ఆ శబ్దాన్ని పెంచి వినిపిస్తుంది.

గాలివాటు
ఆ కిలోమీటరున్నర వదిలేసి రావడం నా వల్ల అయ్యేది కాదు బ్రదర్. 😀 సరే, నాకొక డౌట్. ఆ అబ్బాయిల్లా ఎవరైనా ఇరుక్కుపోతే ఏం చేయాలి? దిగి కయాక్ తోసుకుంటూ రావచ్చు కదా, బురద మోకాలి లోతేగా?

ఒంటితెడ్డు
దిగకూడదు. మోకాలి లోతు అనుకున్నది రెండో అడుగులో నడుము దాకా వస్తుంది. కాలు లాగే కొద్దీ కింద ఖాళీలోకి గాలి పోక బురద ఇంకా పట్టేస్తుంది. కయాక్‌లోనే కూర్చుని, నెత్తి మీద గుడ్డ వేసుకుని, ఉన్న నీళ్లు లెక్కగా తాగుతూ తర్వాతి పోటు దాకా ఆగడమే. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలు. రాత్రయినా సరే. అందుకే ఒక టార్చి, విజిల్, మనిషికి అదనంగా ఒక లీటరు. పొరపాటున కాలు దిగబడితే నిలబడి లాగకండి. ఒళ్లంతా కయాక్ మీద బోర్లా వేసి బరువు పరిచి, పాదాన్ని అటూ ఇటూ కదుపుతూ నెమ్మదిగా తీయాలి. బూటు పోతే పోనివ్వండి.

బురదపాదం
బూటు సంగతి నేను మొదట్లోనే చెప్పాను.

నీటికాకి
చెరువుగట్టు గారూ, ఇంటికొచ్చాక కయాక్‌ని, లైఫ్ జాకెట్ జిప్పులు, రడ్డర్ తీగ మంచినీళ్లతో కడిగారా? చెరువు అలవాటున్నవాళ్లు అలాగే ఎండబెట్టేస్తారు. ఉప్పు పట్టి నెలలో జిప్పు కదలదు.

చెరువుగట్టు
అదే రాత్రి కడిగేశాం అండి. తెడ్డు జాయింట్‌లో ఒండ్రు ఇరుక్కుని విడిపోలేదు, బకెట్‌లో నానబెట్టాక వచ్చింది.

ఇప్పుడు ఫ్రెండ్స్ ఆ మడుగు దాకా పోవాల్సిందే అంటున్నారు. వాళ్లకి కుదిరేది వచ్చే నెల అష్టమి నాటి ఆదివారం. టేబుల్ చూశాను: ఉదయం 6.10 – 1.7 మీ., మధ్యాహ్నం 12.20 – 1.0 మీ., సాయంత్రం 6.35 – 1.7 మీ. తేడా తక్కువ కాబట్టి ప్రవాహం తేలికగా ఉంటుందని వాళ్ల వాదన.

పోటుగడియ
ప్రవాహం తేలికే, మడుగు మాత్రం కుదరదు. మీకు పొద్దున గీరుకున్న మెరక గుర్తుందా? పదీ నలభైకి, అంటే లోపల పోటు నిండడానికి రెండు గంటల ముందు అది తగిలింది. ఆఖరి రెండు గంటల్లో పావు వంతు ఎక్కుతుంది, 37 సెంటీమీటర్లు. అంటే అప్పటి మట్టం 1.7 చిల్లర. మీ అష్టమికి నిండు పోటే 1.7. ఆ మెరక మీద రోజు మొత్తంలో మీకు గీరుకోకుండా దాటేంత నీరే ఉండదు.

ఆ రోజు వెళ్లాలనే ఉంటే పదిన్నరకి దిగి మొదటి రెండు కిలోమీటర్ల వెడల్పు పాయలోనే తిరగండి. ఆటుకు బురద గట్లు బయటపడతాయి, పక్షులన్నీ మేతకి అక్కడే దిగుతాయి. మడుగుకైతే అమావాస్య తర్వాతి ఆదివారం చూసి, టేబుల్ ఇక్కడ పెట్టండి.

గాలివాటు
ఆ అమావాస్య ఆదివారం కయాక్‌లో ఒక సీటు ఖాళీ ఉంటే చెప్పండి. అలారం నా ఫోన్‌లోనే పెడతాను.

చెరువుగట్టు
సీటు ఉంది బ్రదర్. అలారం మాత్రం మా ఆవిడ దగ్గరే ఉంటుంది.